గాలి దారి పట్టుకుని వెళ్దాం: వాక్యూమ్ క్లీనర్ రిపేరు మీద ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. నేను మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఈ మిషన్ చప్పుడు ఒక్క అర నిమిషం వినండి. ముందు వరసలో కూర్చున్న అమ్మగారు దీన్ని ఇంటి నుంచి మోసుకొచ్చారు. "మోటారు పోయిందండీ, అసలు లాగట్లేదు" అన్నారు. ఇదిగో, ఆన్ చేస్తున్నాను.

విన్నారు కదా. సన్నగా, పైకి ఎగబాకినట్టు, దాదాపు ఈల వేసినట్టు ఉంది. ఆపేస్తున్నాను. ఈ చప్పుడు చెవిలో ఉంచుకోండి. మాటలు అయ్యాక మళ్ళీ దీని దగ్గరికే వస్తాం, మీ ముందే విప్పుతాం.

నేను ఈ పనిలో ఉన్నన్నాళ్ళూ అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న మాట ఈ అమ్మగారు అన్నదే. మోటారు పోయింది. మిషన్ లాగకపోతే చాలు, అందరి అనుమానం మోటారు మీదకే పోతుంది. నా బల్ల మీదకు అలా వచ్చిన వాటిలో చాలావాటికి మోటారు నిక్షేపంగా ఉండేది. గాలి నడిచే దారిలో ఎక్కడో అడ్డం పడి ఉండేది, లేకపోతే ఎక్కడో చిల్లు పడి ఉండేది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ దారి గురించే. స్క్రూ డ్రైవర్ పట్టుకునే ముందు గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూడటం వస్తే, మీ ఇంట్లో మిషన్‌ను చాలావరకు మీరే బాగుచేసుకోగలరు.

ముందు ఒక సంగతి. మిషన్ దుమ్మును లాగుతుంది అంటాం. నిజంగా జరిగేది వేరు. లోపల మోటారుకు ఒక ఫ్యాను ఉంటుంది. వైరుతో నడిచే చాలా మిషన్లలో అది నిమిషానికి 20 వేల నుంచి 35 వేల చుట్లు తిరుగుతూ తన దగ్గరున్న గాలిని అంచులవైపు విసిరేస్తుంది. మధ్యలో గాలి పల్చబడుతుంది. గదిలో ఉన్న గాలి ఆ ఖాళీలోకి తోసుకొస్తుంది, వచ్చేటప్పుడు దారిలో ఉన్న దుమ్మును వెంటేసుకొస్తుంది. వాక్యూమ్ అనే పేరు ఉంది గానీ లోపల పూర్తి శూన్యం ఏమీ ఉండదు. గట్టి మిషన్ అయినా మూతి పూర్తిగా మూసినప్పుడు లోపలి ఒత్తిడిని బయటికంటే సుమారు అయిదో వంతు తగ్గించగలదు, అంతే. నీళ్ళ లెక్కలో చెప్పాలంటే రెండు మీటర్ల ఎత్తుకు నీటిని ఎక్కించేంత బలం. దుమ్మును మోసేది కదిలే గాలి. గాలి ఆగిందంటే మోటారు ఎంత గిరగిరా తిరిగినా నేల మీద చెత్త అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఆ చప్పుడు సంగతి. దారి మూసుకుపోయినప్పుడు చప్పుడు సన్నబడి పైకి లేస్తుంది. వినేవాళ్ళు "పాపం మోటారు కష్టపడుతోంది" అనుకుంటారు. నిజానికి అప్పుడు దాని మీద బరువు తగ్గింది. విసరడానికి గాలి అందట్లేదు కాబట్టి ఫ్యాను తేలిగ్గా, ఇంకా వేగంగా తిరుగుతోంది. కావాలంటే ఇంటికెళ్ళి బాగా పనిచేస్తున్న మిషన్ పైపుకు అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి. చప్పుడు వెంటనే లేస్తుంది, చెయ్యి తీస్తే దిగుతుంది. ఇది తెలిస్తే మీకు ఒక పరీక్ష చేతికొచ్చినట్టే. అరచెయ్యి పెట్టకుండానే చప్పుడు పైన ఉందా, ఎక్కడో అడ్డం ఉంది. అరచెయ్యి పెట్టినా చప్పుడు పెద్దగా మారట్లేదా, గాలి మీ చెయ్యిని తప్పించుకుని వేరే చిల్లులోంచి వస్తోంది, లేదా నిజంగానే మోటారు నీరసపడింది.

మోటారు మీద బరువు తగ్గితే మంచిదే కదా అని మీకు అనిపించవచ్చు. చాలా ఇంటి మిషన్లలో దుమ్ము వడకట్టాక వచ్చిన ఆ గాలే మోటారు లోపలి నుంచి పోతూ దాన్ని చల్లబరుస్తుంది. గాలి ఆగితే మోటారు వేడెక్కిపోతుంది. అందుకే వాటిలో వేడి ఎక్కువైతే కరెంటు కోసేసే చిన్న భాగం ఒకటి పెడతారు. పది నిమిషాలు నడిచి మిషన్ దానంతట అదే ఆగిపోయి, గంట తరవాత మళ్ళీ మామూలుగా ఆన్ అయితే అది ఆ భాగం చేసిన పనే అనుకోవచ్చు. కరెంటు వైరులు వెతక్కండి, ఫిల్టర్ చూడండి. ఆ హెచ్చరికను పట్టించుకోకుండా చల్లారాక వాడటం, ఆగితే మళ్ళీ వాడటం, ఇలా నెలల తరబడి చేస్తే అప్పుడు మోటారు నిజంగానే పోతుంది. ఇలా పోయిన మోటార్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే అవి పోవాల్సినవి కావు.

నా విషయమే చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒకాయన మిషన్ తెచ్చి, లాగట్లేదు, ఆగి ఆగి పోతోంది అన్నాడు. నేను విప్పాను, మోటారు నల్లగా ఉంది, వాసన వస్తోంది. కొత్త మోటారు వేసి పంపించాను. వారానికి మళ్ళీ వచ్చాడు, అదే కంప్లయింటు. అప్పుడు హోస్, అంటే మిషన్‌కు తగిలించే వంగే గొట్టం, ఊడదీసి వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే అటువైపు ఏమీ కనపడలేదు. చిన్నపిల్లల మేజోడు ఒకటి మెలికపడి మధ్యలో బిగుసుకుపోయి ఉంది. దాని చుట్టూ దుమ్ము పేరుకుని బిరడాలా తయారైంది. మొదటి రోజు ఆ హోస్ చూసి ఉంటే ఆయన మోటారు ఇంకొన్నాళ్ళు నడిచేది, కొత్త మోటారు వారం రోజులు ఉడికేది కాదు. ఆయన డబ్బులు వెనక్కిచ్చాను. అప్పటి నుంచి నేను హోస్ చూడకుండా మిషన్ విప్పింది లేదు.

ఈ యంత్రం కథ మొదలైందే ఫిల్టర్‌తో. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును ఊది లేపే ఒక యంత్రాన్ని చూశాడు. ఊదితే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే పడుతోంది. దీన్ని పీల్చకూడదా అని ఆయనకు అనిపించింది. కుర్చీ మీద రుమాలు పరిచి, దానికి నోరు ఆనించి గట్టిగా పీల్చి చూశాడని చెప్తారు. రుమాలు తిరగేస్తే అడుగున దుమ్ము గీత. గాలి దాటాలి, దుమ్ము ఆగాలి, ఆ రుమాలు చేసిన పని అదే. తరవాత ఆయన చేసిన యంత్రం గుర్రపు బండి మీద వీధిలో నిలబడేది, పొడుగాటి గొట్టాలు కిటికీల్లోంచి ఇళ్ళలోకి వెళ్ళేవి. దాన్ని చేతిలో పట్టేంత చిన్నది చేసినవాళ్ళలో అమెరికాలోని జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ముఖ్యుడు. ఊడ్చే ఉద్యోగం ఆయనది, ఉబ్బసం ఉంది, దుమ్ము పడదు. 1907లో ఒక ఫ్యాను మోటారుకు చీపురు కర్ర బిగించి, దుమ్ము పట్టడానికి దిండు గలీబు తగిలించాడు. రుమాలైనా, దిండు గలీబైనా చేసే పని వడకట్టడమే. ఇప్పటి మిషన్లకు ఎన్ని హంగులున్నా ఆ పని తప్పలేదు. సంచి లేకుండా గాలిని సుడి తిప్పి దుమ్మును విడదీసే సైక్లోన్ రకాలున్నాయి చూశారా, జేమ్స్ డైసన్ అనే బ్రిటిష్ ఆవిష్కర్త 5,127 నమూనాలు చేసి సాధించినది, వాటిలో కూడా చివర ఒక ఫిల్టర్ ఉంటుంది. సంచి లేదు కదా అని ఫిల్టర్ కడగనివాళ్ళు చాలామంది ఉన్నారు.

లోపల దుమ్ము పట్టే సంచి, అదే బ్యాగు, దాని గురించి అందరికీ ఒక అపోహ ఉంది. తెరిచి చూస్తారు, సగమే నిండింది, ఇంకా వాడొచ్చు అనుకుంటారు. బ్యాగు అనేది డబ్బా లాంటిది కాదండి, దాని గోడలే జల్లెడ. గోడలోని సన్న రంధ్రాల్లోంచి గాలి బయటికి పోవాలి. వెంట్రుకలు, కాగితం ముక్కలు లాంటివైతే సగం నిండినా గాలి ఆడుతుంది. గోడ గీకినప్పుడు రాలిన సున్నప్పొడి, సిమెంటు, బూడిద, ముగ్గు లాంటి మెత్తని పొడి అయితే గుప్పెడు పడ్డా చాలు, రంధ్రాలన్నీ పూడుకుపోతాయి. బ్యాగు చూడటానికి ఖాళీగా ఉంటుంది, గాలికి మాత్రం అది గోడే. కాగితం బ్యాగును దులిపి మళ్ళీ వాడితే అదే ఇబ్బంది, దులిపితే పెద్ద చెత్త పోతుంది గానీ రంధ్రాల్లో ఉన్నది పోదు.

కొన్ని మిషన్ల పైన బ్యాగు నిండితే ఎర్రగా మారే చిన్న కిటికీ ఉంటుంది. అది బ్యాగులోకి తొంగిచూసి చెప్పేది కాదు. లోపల ఒత్తిడి తగ్గితే కదిలే చిన్న స్ప్రింగు ఏర్పాటు అది. హోస్‌లో అడ్డం పడినా ఎరుపే చూపిస్తుంది. కొత్త బ్యాగు వేసినా ఎరుపు పోవట్లేదంటే అడ్డం ఇంకెక్కడో ఉందని అర్థం.

ఫిల్టర్లలో స్పాంజి రకం కడగొచ్చు. సబ్బు లేకుండా మామూలు నీళ్ళలో, పిండుతూ, నీళ్ళు తేటగా వచ్చేదాకా. కడిగాక పూర్తిగా ఆరాలి. పైన ముట్టుకుంటే పొడిగా అనిపిస్తుంది, మధ్యలో తడి ఉంటుంది. ఒక రోజంతా, 24 గంటలు గాలికి వదిలేయండి. తడి ఫిల్టర్ పెడితే దుమ్ము దానికి బురదలా పట్టుకుంటుంది, ముక్క వాసన మొదలవుతుంది, ఆ తేమ నేరుగా మోటారులోకి పోతుంది. మడతలు మడతలుగా ఉండే హెపా ఫిల్టర్ సంగతి వేరు. 0.3 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను కూడా 99.97 శాతం ఆపేంత మెత్తని అల్లిక అది. కడగొచ్చు అని దాని మీద గుర్తు ఉంటేనే కడగాలి. లేకపోతే మెల్లగా తట్టి దులపాలి, అప్పటికీ గాలి ఆడకపోతే మార్చేయాలి. బ్రష్‌తో రుద్దితే కంటికి కనపడని చిరుగులు పడతాయి.

మిషన్ వెనక నుంచి సన్న దుమ్ము బయటికి వస్తోందంటే బ్యాగు చినిగి ఉండాలి, లేదా ఫిల్టర్ సరిగ్గా కూర్చోలేదు. అప్పుడు వెంటనే ఆపేయండి. ఆ దుమ్ము మోటారు దాటుకునే బయటికి వస్తోంది.

సరే, అడ్డం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా? దారిని ముక్కలు చేయండి. ముందు హోస్ తీసేసి, మిషన్‌కు హోస్ తగిలించే రంధ్రం దగ్గరే అరచెయ్యి పెట్టండి. గట్టిగా పట్టుకుందా, అయితే మిషన్ లోపల అంతా బాగున్నట్టే. బ్యాగు, ఫిల్టర్, మోటారు మూడూ ఒక్క దెబ్బకు అనుమానంలోంచి తప్పుకున్నాయి. ఇప్పుడు హోస్ తగిలించి దాని చివర చూడండి. తరవాత గట్టి పైపు, ఆ తరవాత నేల మీద జరిపే మూతి. ఏ ముక్క కలిపాక బలం తగ్గిందో తప్పు ఆ ముక్కదే. ఇంత చేయడానికి రెండు నిమిషాలు పట్టదు.

హోస్‌లో ఒక గోళీ వేసి వంచుతూ జారవిడవండి. ఇటు వేసింది అటు పడితే దారి బాగుంది. అడ్డం ఉంటే మొద్దుగా ఉన్న చీపురు కర్ర లాంటిదే వాడండి, ఇనప తీగ మాత్రం వద్దు. తీగతో పొడిస్తే అడ్డం పోతుందేమో గానీ హోస్‌కు చిల్లు పడుతుంది, అప్పుడు కొత్త తలనొప్పి. అడ్డం ఎటు నుంచి వచ్చిందో అటే వెనక్కి తియ్యడం తేలిక. ముందుకు తోస్తే ఇంకా బిగుస్తుంది.

చిల్లుల్ని పట్టుకోవడం కొంచెం ఓపిక పని. ఎక్కువగా హోస్ చివర, పిడి దగ్గర రోజూ వంగేచోట చీలిక వస్తుంది. బ్యాగు గది మూతకు ఉండే రబ్బరు అంచులో పుల్ల ఒకటి ఇరుక్కున్నా గాలి అక్కడి నుంచే వచ్చేస్తుంది. మిషన్ ఆన్ చేసి, పల్చటి కాగితం పేలికను అతుకుల వెంట నడిపించండి. లోపలికి అతుక్కున్న చోటే చిల్లు.

ఇక మూతిలో తిరిగే బ్రష్ రోలర్. ఇది ఉన్న మిషన్ మీ ఇంట్లో ఉంటే, దాన్ని తిరగేసి ఒకసారి చూడండి. వెంట్రుకలు, దారాలు దాని చుట్టూ చుట్టుకుని ఉంటాయి. మొదట వదులుగానే ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ ఒకదాని మీద ఒకటి బిగిసి గట్టి పట్టీలా అవుతాయి, గోరు కూడా దూరదు. చాలా రోలర్లకు పొడుగునా ఒక గాడి ఉంటుంది, కత్తెర కొన దానిలో పెట్టి నెమ్మదిగా కోసుకుంటూ పోతే చుట్టంతా చాపలా విచ్చుకుంటుంది. ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. రోలర్ రెండు కొసల్లో ఉండే మూతలు తియ్యండి. అసలు వెంట్రుకలు అక్కడ, రోలర్ ఆని తిరిగే బేరింగు పక్కన దాక్కుంటాయి, ఆ రాపిడికి ప్లాస్టిక్ కరుగుతుంది కూడా. శుభ్రం చేశాక వేలితో తిప్పి వదిలితే ఒకటి రెండు చుట్లు తనంతట తాను తిరగాలి.

రోలర్ తిరగకుండా రబ్బరు కాలిన వాసన వస్తే దాన్ని తిప్పే రబ్బరు బెల్టు జారుతోంది. సాగిపోయిన బెల్టును చూసి పోల్చుకోవడం కష్టం, కొత్తదానితో పక్కపక్కన పెడితే తెలుస్తుంది. విప్పే ముందు బెల్టు ఎలా కూర్చుని ఉందో ఫోనులో ఫొటో తీసుకోండి.

ఇంతవరకు చెప్పిన పనులన్నీ ప్లగ్గు తీసి చేసేవి, పరీక్ష కోసం ఆన్ చేసే ఆ క్షణం తప్ప. ఇకపై చెప్పబోయేవాటికి ప్లగ్గు గోడలో కాదు, మీ కళ్ళెదుట బల్ల మీద ఉండాలి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను.

మిషన్ అసలు ఆన్ కాకపోతే ముందు అదే సాకెట్లో వేరే ఏదైనా పెట్టి చూడండి. ప్లగ్గులో ఫ్యూజు ఉండే రకమైతే అది చూడండి. తరవాత వైరు. లోపలికి చుట్టుకునే వైరులో తీగ ఎక్కువగా ప్లగ్గు దగ్గరో, మిషన్‌లోకి దూరేచోటో తెగుతుంది. అంతకుముందు వాడుతున్నప్పుడు వైరు కదిలితే ఆన్ అయి ఆగిపోయేదంటే అదే. కరెంటు కొలిచే మల్టీమీటర్ ఉంటే కంటిన్యుటీ, అంటే తీగ తెగకుండా ఉందో లేదో చూసే అమరిక, పెట్టి, వైరును అక్కడక్కడా వంచుతూ చూస్తే తెగినచోటు దొరుకుతుంది. పాడైన ముక్క కోసేసి కొత్త ప్లగ్గు వేయొచ్చు. మధ్యలో అతుకు వేసి టేపు చుట్టడం మాత్రం నేను ఒప్పుకోను, ఆ అతుకు రోజూ చుట్టులోకి పోయి నలుగుతుంది. చాలా వైరుల మీద పసుపు గుర్తు, ఎర్ర గుర్తు ఉంటాయి. పసుపు కనపడేదాకా లాగి వాడాలి, చుట్టలోనే ఉంటే వైరు వేడెక్కుతుంది. ఎరుపు దాటి లాగకూడదు, లోపలి అతుకులు ఊడతాయి.

వైరు, స్విచ్చి బాగుంటే కార్బన్ బ్రష్షులు. తిరిగే భాగానికి కరెంటు అందించే రెండు చిన్న కార్బన్ దిమ్మలు, వెనక స్ప్రింగు తోస్తూ ఉంటుంది. అవి అరగడానికే ఉన్నాయి. సెంటీమీటరు లోపుకు వచ్చాయంటే రెండూ కలిపి మార్చండి, ఒక్కటే మార్చకండి. అవి ఆనే రాగి భాగాన్ని కమ్యుటేటర్ అంటారు. అది కాఫీ రంగులో ఒకే తీరుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మెరవాలని గరుకు కాగితంతో రుద్దకండి. చిన్న చిన్న నీలి మెరుపులు మామూలే. నిప్పు ఉంగరంలా చుట్టూ తిరుగుతోందంటే మాత్రం వైండింగు, అంటే మోటారులోని తీగ చుట్ట, పోయినట్టు, ఆ మోటారు మీద ఇంక సమయం పెట్టకండి. స్విచ్చి ఆపాక కూడా దిగుతూ దిగుతూ గరగరమంటే మోటారు బేరింగు పోయినట్టు. ఆ వేగంలో తిరిగేదాన్ని ఇంట్లో విప్పి సరిగ్గా బిగించడం కష్టం, మోటారు మొత్తం మార్చడమే నయం.

ఒక జాగ్రత్త. చతురస్రంలో చతురస్రం గుర్తు ఉన్న మిషన్లకు ఎర్తు వైరు ఉండదు, రెండు పొరల ఇన్సులేషనే రక్షణ. విప్పినప్పుడు వచ్చిన ప్రతి ప్లాస్టిక్ ముక్క మళ్ళీ దాని చోటికి పోవాలి. ఒక్క ముక్క మిగిలినా ప్లగ్గు పెట్టకండి.

వెనక నుంచి ఒక బాబు చార్జింగు మిషన్ల గురించి చీటీ పంపాడు. ఆగి, కదిలి, ఆగి, కదిలి ఊపిరి పట్టేస్తున్నట్టు చేస్తోంది, బ్యాటరీ పోయిందా అని. బాబూ, చాలా మోడళ్ళలో దారి మూసుకుపోతే అలాగే చేస్తుంది. ముందు ఫిల్టర్ కడిగి ఆరబెట్టు, పైపు చూడు. పూర్తి చార్జింగు పెట్టినా నిమిషాల్లో అయిపోతుంటే అప్పుడు బ్యాటరీ. ఉబ్బిన బ్యాటరీని మాత్రం విప్పొద్దు, చార్జింగు పెట్టొద్దు, అది లిథియం రకం, మంట అంటుకోవచ్చు.

వాట్లు ఎక్కువైతే బాగా లాగుతుందా అని ఇంకొకరు అడిగారు. వాట్లు మిషన్ తినే కరెంటు లెక్క. ఐరోపా సమాఖ్యలో 2014లో 1600 వాట్ల పరిమితి పెట్టారు, 2017లో దాన్ని 900కు దించారు. అక్కడ ఆ మిషన్లతోనే ఇళ్ళు ఊడుస్తున్నారు. గాలి దారి బాగా తీర్చిన మిషన్‌కు తక్కువ వాట్లు చాలు.

ఇప్పుడు అమ్మగారి మిషన్. అమ్మా, మీరే ముందుకు రండి. హోస్ ఊడదీయండి, ఆ బొడిపె నొక్కి తిప్పితే వస్తుంది. ఇప్పుడు ఆన్ చేస్తున్నాను, ఆ రంధ్రం దగ్గర అరచెయ్యి పెట్టండి. పట్టుకుంది కదా? గట్టిగా? చప్పుడు కూడా చూడండి, చెయ్యి తీయగానే దిగింది. అంటే మోటారు పోలేదు, ఫిల్టర్ కూడా పరవాలేదు. ఆపేశాను. ఈ గోళీ హోస్‌లో వేయండి. వంచండి, ఇంకా. రాలేదు. ఈ పిడి దగ్గర వంపులో ఆగింది, పట్టుకుంటే గట్టిగా తగులుతోంది కూడా. కర్రతో పిడివైపు నుంచి కాకుండా అటు చివర నుంచి మెల్లగా తోయండి. వస్తోంది, వస్తోంది... ఇదిగో. జడ క్లిప్పు. అడ్డంగా నిలబడిపోయింది, చుట్టూ వెంట్రుకలు. అదిగో గోళీ కూడా పడింది. హోస్ తగిలించండి అమ్మా, మళ్ళీ ఆన్ చేద్దాం. అందరూ ఒక్క క్షణం మాట్లాడకుండా వినండి.